రోజుకో అంకెల పజిల్: ఆట బాగుంది, కుకీల తీరు బాగా లేదు

దాదాపు ఎనిమిది నెలలుగా నేను రోజూ ఉదయం ఒకే సైటులో అంకెల పజిల్ పూర్తి చేస్తున్నాను. తొమ్మిది అడ్డవరుసలు, తొమ్మిది నిలువు వరుసలు, మొత్తం 81 గళ్ళు. సుడోకు నియమాలకు తోడు, చుక్కల గీతతో చుట్టిన కొన్ని గళ్ళ మొత్తం ఇంత రావాలన్న షరతు కూడా ఉంటుంది. పజిళ్ళ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఎంత కఠినమైన పజిల్‌లోనైనా ఎక్కడో ఒక గడి తర్కంతోనే తెరుచుకుంటుంది తప్ప, గుడ్డిగా ఒక అంకె వేసి చూడవలసిన స్థితి నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఇలాంటి పజిళ్ళను రోజూ తయారు చేయడం తేలికైన పని కాదు, కాబట్టి ఆ భాగానికి పూర్తి మార్కులు ఇస్తున్నాను. ఈ సమీక్షలో నేను పరిశీలించదలచింది మరొక భాగాన్ని: ఆటగాడు చేసిన పనిని ఆ సైటు ఎలా గుర్తు పెట్టుకుంటుంది, అందుకోసం బ్రౌజరులో ఏమేమి దాస్తుంది, ఆ దాచినవాటిలో దేనికి ఎంత విలువ ఇస్తుంది అన్నది. ఆట పేరు రాయడం లేదు. నేను చూసిన లోపం ఈ ఒక్క ఆటకే పరిమితమైనదని నేను అనుకోవడం లేదు కనుక, పేరు కంటే అమరికను అర్థం చేసుకోవడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ముందుగా ఒక విషయం. బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య నడిచే హెచ్‌టీటీపీ పద్ధతికి సహజంగా జ్ఞాపకశక్తి లేదు; నిమిషం క్రితం పేజీ అడిగిన మనిషే ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాడని దానికి తెలియదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లి ఈ లోటును తీర్చడానికే కుకీని రూపొందించారు. సర్వరు ఒక చిన్న చీటీ రాసి బ్రౌజరుకు ఇస్తుంది, బ్రౌజరు ఆ సైటుకు వెళ్ళిన ప్రతిసారీ ఆ చీటీని తిరిగి చూపిస్తుంది. అంతకు మించి అందులో మాయ ఏమీ లేదు. ఒక్కొక్క కుకీ పరిమాణం సుమారు 4096 బైట్లకు మించదు, దానికొక గడువు తేదీ ఉంటుంది, ఏ సైటు రాసిందో ఆ సైటుకే అది తిరిగి వెళుతుంది. ఆ తర్వాత వచ్చిన లోకల్ స్టోరేజ్ అనే నిల్వ దీనికి భిన్నమైనది. పేజీలోని స్క్రిప్టు, అంటే బ్రౌజరులో నడిచే చిన్న ప్రోగ్రాము, అందులో రాసుకున్న సమాచారం సర్వరుకు దానంతట అది వెళ్ళదు, ఆ బ్రౌజరులోనే ఉండిపోతుంది. చోటు కూడా కుకీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, చాలా బ్రౌజర్లలో సైటుకు 5 మెగాబైట్ల వరకు ఉంటుంది.

ఈ తేడాను ఆట తయారుచేసినవారు బాగానే గ్రహించారు. పజిల్ సగంలో ఉండగా ట్యాబ్ మూసేసి సాయంత్రం తెరిస్తే, వేసిన అంకెలతో పాటు గడి మూలల్లో చిన్నగా రాసుకున్న పెన్సిల్ గుర్తులు సైతం ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్కొక్క గడిలో తొమ్మిది అంకెలకు ఉందా, లేదా అన్న గుర్తు చొప్పున 81 గళ్ళకు 729 గుర్తులు. బిగించి రాస్తే ఇవి వంద బైట్లలోపే సరిపోతాయి కాబట్టి కుకీలో పెట్టినా పట్టేవే. కానీ కుకీలో పెట్టి ఉంటే సైటు నుంచి ఒక బొమ్మ తెచ్చుకున్నా, ఒక శబ్దం తెచ్చుకున్నా ఆ బరువంతా ప్రతిసారీ సర్వరు దాకా మోసుకుపోవలసి వచ్చేది. దాన్ని లోకల్ స్టోరేజ్‌లో పెట్టడం సరైన నిర్ణయం. ఆఖరున చేసిన తప్పును వెనక్కి తీసుకునే అవకాశం కూడా తిరిగి తెరిచాక మిగిలే ఉండటం చూసి నాకు నిజంగా ముచ్చట వేసింది. అంత శ్రద్ధ పెట్టిన ఆటలు నేను ఎక్కువగా చూడలేదు.

అదే శ్రద్ధ కుకీలకు సమ్మతి అడిగే తెర దగ్గర కనిపించదు. మొదటిసారి సైటు తెరవగానే కింది భాగంలో ఒక పట్టీ పైకి వస్తుంది. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అన్న మీట ముదురు ఆకుపచ్చలో, చేతికి అందేలా ఉంటుంది. వద్దనుకునేవారికి మాత్రం 'ఎంపికలు' అన్న పలుచని బూడిద రంగు అక్షరాలు దాని పక్కన ఉంటాయి, వాటిని నొక్కితే రెండో తెర, ఆ తెరను కిందికంటా జరిపితే అప్పుడు తిరస్కరించే మీట కనబడుతుంది. ఒప్పుకోవడానికి ఒక అడుగు, వద్దనడానికి మూడు అడుగులు. ఈ తేడా చిన్నది కాదు. 2022 జనవరిలో ఫ్రాన్స్ గోప్యతా పర్యవేక్షక సంస్థ సీఎన్‌ఐఎల్ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది సరిగ్గా ఈ కారణంతోనే: కుకీలను అంగీకరించినంత తేలికగా తిరస్కరించే వీలు అక్కడ లేదు. అంతకు ముందే, 2019 అక్టోబరు 1న, ప్లానెట్49 అనే సంస్థ కేసులో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ముందే టిక్ పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా పరిగణించరాదని తీర్పు చెప్పింది. నేను సమీక్షిస్తున్న ఆట ముందుగా టిక్ పెట్టి ఉంచలేదు, ఆ మేరకు నయం. మూడు అడుగుల దారిని మాత్రం అలాగే ఉంచుకుంది.

రెండో తెరలో నాలుగు వర్గాలు ఉంటాయి: తప్పనిసరి, సౌకర్యం, విశ్లేషణ, ప్రకటనలు. తప్పనిసరి అన్నదానికి మీట ఉండదు, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మొదటి రోజు నేను మిగిలిన మూడింటినీ తిరస్కరించి ఆట మొదలుపెట్టాను. యాభై గళ్ళ దాకా నింపాక పేజీ పొరపాటున రీలోడ్ అయింది, ఖాళీ గళ్ళు ఎదురయ్యాయి. మరోసారి మొదలుపెట్టి, కావాలనే రీలోడ్ చేసి చూస్తే అదే ఫలితం. అప్పుడు 'సౌకర్యం' వర్గం పక్కన ఉన్న చిన్న బాణాన్ని నొక్కి వివరణ చదివాను. భాష, తెర రంగు, శబ్దం వంటి ఎంపికల జాబితా చివరన 'ఆట స్థితి' అన్న రెండు మాటలు ఉన్నాయి. అంటే నేను నింపుతున్న పజిల్‌నే నా బ్రౌజరులో దాచడానికి నా ప్రత్యేక సమ్మతి కావాలన్నమాట. తిరస్కరిస్తే ఆట దాచదు, దాచడం లేదని ముందుగా హెచ్చరించదు కూడా.

సమ్మతి పట్టీలు ఇన్ని సైట్లలో కనిపించడానికి మూలకారణం ఐరోపా సమాఖ్య 2002లో చేసి, 2009లో సవరించిన ఈ-ప్రైవసీ ఆదేశం. అది కుకీ అన్న ఒక్క పద్ధతికే పరిమితమైనది కాదు. వినియోగదారుని పరికరంలో సమాచారం నిల్వ చేయడానికైనా, నిల్వ చేసినదాన్ని చదవడానికైనా అదే వర్తిస్తుంది కనుక లోకల్ స్టోరేజ్ కూడా దాని పరిధిలోకే వస్తుంది. అయితే వినియోగదారుడు స్పష్టంగా కోరిన సేవను అందించడానికి తప్పనిసరి అయిన నిల్వకు సమ్మతి అడగనక్కరలేదని అదే ఆదేశం చెబుతుంది. ఆట ఆడటానికి వచ్చిన మనిషి నింపిన గళ్ళను దాచడం కంటే, అతడు కోరిన సేవకు తప్పనిసరి అయినది ఇంకేముంటుంది? దాన్ని తెర రంగుతో, శబ్దంతో కలిపి ఒకే మూటలో కట్టడం వల్ల గోప్యత కోరుకున్న ఆటగాడికి శిక్ష పడుతోంది. ఇది దురుద్దేశంతో చేసిన పని అని నేను అనను. సమ్మతి పట్టీని బయటి సంస్థ నుంచి తెచ్చి అతికించి, ఏది ఏ వర్గంలోకి వస్తుందో ఆలోచించడానికి తగిన సమయం ఇవ్వకపోవడం వల్లనే ఇలా జరిగి ఉండవచ్చు. ఫలితం మాత్రం ఆటగాడే అనుభవిస్తాడు.

నేను సౌకర్యం వర్గాన్ని మాత్రం తెరిచి, విశ్లేషణనూ ప్రకటనలనూ మూసి ఉంచి, ఆటను కొనసాగించాను. కుతూహలం కొద్దీ బ్రౌజరులో డెవలపర్లు వాడే పరిశీలన పలకను తెరిచి, నిల్వ అన్న విభాగంలో ఏముందో చూశాను. ఈ పని ఎవరైనా చేయవచ్చు, ప్రోగ్రామింగు తెలియనక్కరలేదు. పేరు, విలువ, ఏ సైటుది, గడువు తేదీ, పరిమాణం అని నిలువు వరుసలు కట్టి ప్రతి కుకీ అక్కడ కనబడుతుంది. ఒకటి నా సమ్మతి ఎంపికను గుర్తుంచుకునే కుకీ, దాని గడువు ఆరు నెలలు. ఒకటి సర్వరు భారాన్ని పంచుకోవడానికి వాడేది, బ్రౌజరు మూయగానే పోతుంది. మూడోది ముప్పై రెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తింపు సంఖ్య, దాని గడువు పదమూడు నెలలు, సైటు తెరిచిన ప్రతిసారీ ఆ పదమూడు నెలల లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. గోప్యతా విధానం పేజీలో ఈ మూడోదానికి 'సందర్శకుల సంఖ్యను సరిగ్గా లెక్కించడానికి' అని వివరణ ఉంది, వర్గం దగ్గర మాత్రం 'తప్పనిసరి' అని రాసి ఉంది. ఆ ఒక్క కుకీని చెరిపివేసి ఒక పజిల్ మొత్తం పూర్తి చేశాను. ఆటలో ఏ లోపమూ రాలేదు. పేజీ మళ్ళీ తెరవగానే సర్వరు మరొక కొత్త సంఖ్య ఇచ్చింది, అంతే. అది లేకపోయినా ఆట ఆగదని తేలినప్పుడు దాన్ని తప్పనిసరి అనడం సరికాదు. ఆ కొత్త సంఖ్యతో సహా పలకలో కనిపించిన పట్టికను నేను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకున్నాను, అది తర్వాత పనికివచ్చింది.

ఆరో నెలలో పది రోజుల పాటు ఆ సైటు తెరవడానికి వీలు పడలేదు. అదే లాప్‌టాప్‌లో, అదే బ్రౌజరులో వేరే పనులు మాత్రం రోజూ చేసుకుంటూనే ఉన్నాను. పదకొండో రోజు సైటు తెరిస్తే, 'కొత్తగా వచ్చారా? నియమాలు నేర్చుకోండి' అన్న పలకరింపు ఎదురైంది. వరుసగా ఆడిన రోజుల లెక్క పోవడం న్యాయమే, నేను ఆడలేదు కాబట్టి. పోకూడనివి కూడా పోయాయి. పూర్తి చేసిన పజిళ్ళ పట్టిక, ఒక్కొక్క స్థాయిలో నా ఉత్తమ సమయాలు, మూడు వారాలుగా రోజుకు కాసేపు చొప్పున కుస్తీ పడుతున్న ఒక అతికఠిన పజిల్, అందులో జాగ్రత్తగా రాసుకున్న పెన్సిల్ గుర్తులు, అన్నీ చెరిగిపోయాయి. పరిశీలన పలక తెరిచి పాత స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి పోల్చి చూశాను. లోకల్ స్టోరేజ్ ఖాళీగా ఉంది. ముప్పై రెండు అక్షరాల సంఖ్య మాత్రం చివరి అక్షరం దాకా పాతదే. అంటే సందర్శకుల లెక్క కోసం సైటు నన్ను గుర్తుపట్టింది, నా ఆటను తిరిగి ఇవ్వడానికి మాత్రం గుర్తుపట్టలేదు.

దీనికి కారణం అంతుచిక్కనిదేమీ కాదు. నేను వాడేది సఫారీ. 2020 మార్చిలో ఆ బ్రౌజరులో ఒక నియమం వచ్చింది: ఏదైనా సైటును వినియోగదారుడు తాకకుండా, అంటే నొక్కడం, టైపు చేయడం వంటిదేమీ చేయకుండా, బ్రౌజరు వాడిన రోజులు ఏడు గడిస్తే, ఆ సైటులోని స్క్రిప్టు రాసుకున్న నిల్వను బ్రౌజరే తొలగిస్తుంది. స్క్రిప్టు రాసిన కుకీలకు ఏడు రోజుల పరిమితి అంతకు ముందు ఏడాదే వచ్చింది. ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. ఒక సైటు నుంచి మరొక సైటుకు మనుషులను వెంటాడే సంస్థలు, కుకీలకు అడ్డుకట్ట పడగానే లోకల్ స్టోరేజ్‌లో గుర్తింపు సంఖ్యలు దాచడం మొదలుపెట్టడం వల్లనే అది అవసరమైంది. సర్వరు స్వయంగా పంపిన సొంత కుకీకి సాధారణంగా ఆ ఏడు రోజుల కత్తెర పడదు. ఆట తయారుచేసినవారు సందర్శకుడి గుర్తింపు సంఖ్యను సర్వరు కుకీలో పెట్టారు, ఆటగాడి చరిత్రను స్క్రిప్టు నిల్వలో పెట్టారు. ఎక్కువ కాలం నిలిచే చోటు ఏదో వారికి తెలుసు, ఆ చోటును దేనికి కేటాయించాలో నిర్ణయించుకున్నారు కూడా. నా అభ్యంతరమంతా ఆ నిర్ణయం మీదనే.

పజిల్ స్థితిని లోకల్ స్టోరేజ్‌లో పెట్టడం సరైనదని పైన నేనే మెచ్చుకున్నాను కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇవాళ్టి పజిల్‌కు అది సరైన చోటే, నెలల తరబడి పేరుకున్న చరిత్రకు అదొక్కటే చోటు కావడం తప్పు. ఈ తేడా పజిల్ ఆటల లోకానికి కొత్తది కాదు. రోజుకో మాటను ఊహించే వర్డిల్ ఆట తొలినాళ్ళలో ఆటగాళ్ళ గణాంకాలన్నీ బ్రౌజరులోని లోకల్ స్టోరేజ్‌లోనే ఉండేవి. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ ఆటను కొన్నది, ఫిబ్రవరిలో తన సైటుకు మార్చింది. లోకల్ స్టోరేజ్ సైటు చిరునామాతో ముడిపడి ఉంటుంది కనుక, పాత చిరునామా కింద దాచిన లెక్కలను కొత్త చిరునామాకు పనిగట్టుకుని చేరవేయవలసి వచ్చింది. అలా చేరవేసే ఏర్పాటు చేసినప్పటికీ, తమ వరుస రోజుల లెక్క సున్నాకు వచ్చిందని కొందరు ఆటగాళ్ళు అప్పట్లో బాధపడ్డారు. పజిల్ ఆటల్లో ఆ లెక్కకు ఆటగాళ్ళు ఎంత విలువ ఇస్తారో అందరికీ అప్పుడే తెలిసింది.

ఖాతా తెరుచుకుంటే ఈ బాధ ఉండదని సైటు సహాయ పేజీ చెబుతుంది. చరిత్ర పోయాక నేను ఖాతా తెరిచాను, ఆ భాగం పని చాలా శుభ్రంగా ఉందని ఒప్పుకోవాలి. లాగిన్ కుకీని పేజీలోని స్క్రిప్టులు చదవడానికి వీలులేకుండా హెచ్‌టీటీపీ-ఓన్లీ గుర్తుతో, గుప్తీకరించిన మార్గంలోనే ప్రయాణించేలా సెక్యూర్ గుర్తుతో పంపుతున్నారు. వేరే సైటులో పుట్టిన అభ్యర్థనలతో అది కలిసి వెళ్ళకుండా సేమ్‌సైట్ గుర్తు కూడా పెట్టారు. గడువు ముప్పై రోజులు. లాగౌట్ చేస్తే కుకీ వెంటనే తొలగిపోతుంది. ఒకే కంప్యూటరును ఇద్దరు వాడుకునే ఇళ్ళలో కూడా ఖాతాయే సరైన మార్గం, ఎందుకంటే కుకీ గుర్తుపట్టేది బ్రౌజరును గాని మనిషిని కాదు. ఒకసారి మా తమ్ముడు నా లాప్‌టాప్‌లో సరదాగా ఒక సులభమైన పజిల్ పూర్తి చేస్తే, అతడి సమయం నా ఉత్తమ సమయంగా నమోదైంది.

కానీ ఖాతాకు ఈమెయిలు చిరునామా ఇవ్వాలి, అలా ఇచ్చిన క్షణం నుంచి ముప్పై రెండు అక్షరాల సంఖ్య ఒక పేరుగల మనిషికి చెందినదవుతుంది. రోజుకు పావుగంట అంకెలు నింపుకునే మనిషి అంత ఇవ్వనక్కరలేదు. ఖాతా లేకుండానే చరిత్రను కాపాడుకునే తేలికైన దారులు ఉన్నాయి: చరిత్ర మొత్తాన్ని ఒక చిన్న ఫైలుగా దించుకుని, అవసరమైనప్పుడు తిరిగి ఎక్కించుకునే మీట ఒకటి పెడితే సరిపోతుంది. ఈ రకం పజిల్‌లో వెయ్యి ఆటల ఫలితాలు రాసినా ఆ ఫైలు ఒక సాధారణ ఫొటో కంటే చాలా చిన్నదిగా ఉంటుంది.

ప్రకటనల కుకీల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పరీక్ష కోసం వేరొక బ్రౌజరులో 'అన్నీ అంగీకరిస్తున్నాను' నొక్కి చూస్తే, మొదటి పజిల్ పూర్తయ్యేలోపే పట్టికలో ప్రకటనలు అందించే బయటి సైట్ల కుకీలు తెర నిండా వచ్చి చేరాయి. తిరస్కరించినప్పుడు ఆ కుకీలు ఒక్కటి కూడా రాలేదు, ప్రకటనలు మాత్రం వచ్చాయి, వాటికీ నేను చదివే విషయాలకూ సంబంధం లేదు. తిరస్కరణను ఈ విషయంలో సైటు నిజాయితీగా పాటిస్తోంది. సఫారీ 2020 నుంచి బయటి సైట్ల కుకీలను ఎలాగూ పూర్తిగా అడ్డుకుంటుంది, ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక్కొక్క సైటు కుకీలను వేర్వేరు డబ్బాలలో ఉంచుతుంది. క్రోమ్‌లో బయటి సైట్ల కుకీలను తొలగిస్తామని 2020లో ప్రకటించిన గూగుల్ 2024లో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి క్రోమ్ వాడేవారు రెండో తెర దాకా వెళ్ళి తిరస్కరించే శ్రమ తీసుకోవడం మంచిది.

జరిగినదంతా వివరంగా రాసి, రెండు స్క్రీన్‌షాట్లు జతచేసి, సైటు సహాయ విభాగానికి పంపాను. నాలుగు రోజుల తర్వాత మర్యాదగా సమాధానం వచ్చింది. పోయిన చరిత్ర తమ దగ్గర లేదు కనుక తిరిగి ఇవ్వలేమని, 'ఆట స్థితి'ని తప్పనిసరి వర్గంలోకి మారుస్తామని రాశారు. గత వారం ఆ మార్పు వచ్చింది. కొత్త బ్రౌజరులో అన్నింటినీ తిరస్కరించి, సగం పజిల్ నింపి, మూడుసార్లు రీలోడ్ చేశాను. గళ్ళు, గుర్తులు చెక్కుచెదరలేదు. ఇది సంతోషించదగిన మార్పు, వారు అంత త్వరగా స్పందించినందుకు నేను కృతజ్ఞత తెలిపాను. సందర్శకుడి గుర్తింపు సంఖ్య గురించి నేను అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ సమాధానంలో ఒక్క వాక్యం కూడా లేదు. అది ఇప్పటికీ తప్పనిసరి వర్గంలోనే, పదమూడు నెలల గడువుతోనే ఉంది.

పజిళ్ళకు ఐదుకు ఐదు, కుకీల నిర్వహణకు ఐదుకు రెండున్నర ఇస్తున్నాను. ఆ గుర్తింపు సంఖ్య విశ్లేషణ వర్గంలోకి మారి, తిరస్కరించే మీట మొదటి తెర మీదికి వచ్చి, చరిత్రను ఫైలుగా దించుకునే వీలు కలిగిన రోజు ఈ అంకెను సవరిస్తాను. ఈలోగా ఖాతా లేకుండా సఫారీలో ఆడేవారు ప్రయాణాల్లోనైనా సరే వారంలో ఒక్కసారి ఆ సైటు తెరిచి ఏదో ఒక గడిని నొక్కి రండి. ఏడు రోజుల లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.